టోకు బట్టల ఆర్డరుకు ముందు విదేశీ ఫ్యాక్టరీని తేల్చుకునే సేవలు: దేనికి డబ్బు పెట్టాలి, దేనికి అక్కర్లేదు

విదేశంలో బట్టలు కుట్టించుకునేవాళ్లకు ఫ్యాక్టరీ గురించి చెప్పే ఏర్పాట్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. టోకు సైట్ల బ్యాడ్జీలు, సర్కారీ రిజిస్టర్లు, ఆడిట్ సర్టిఫికెట్లు, ఫీజు తీసుకుని మనిషిని పంపే తనిఖీ కంపెనీలు. ఒక్కొక్కటి ఒక్కో సంగతి చెబుతుంది. కంపెనీ అసలు ఉందా అన్నది ఒకటి, అక్కడి కార్మికుల పరిస్థితి ఏమిటన్నది ఇంకొకటి. మనం డబ్బు కట్టిన 1,200 టీషర్టులు బాగా వచ్చాయా లేదా అన్నది మాత్రం సరుకు మీద చెయ్యి వేసి చూసిన మనిషే చెప్పగలడు. చిన్న ఆర్డరు పెట్టేవాళ్లు డబ్బు దానికే దాచుకోవాలన్నది నా తీర్పు. మిగతాదంతా దాదాపు ఉచితంగానే తేలుతుంది.

లెక్కల కోసం ఒక ఆర్డరు అనుకుందాం. 180 జీఎస్ఎం (చదరపు మీటరుకు 180 గ్రాముల బరువు) కాటన్ సింగిల్ జెర్సీ అల్లిక బట్ట, రౌండ్ నెక్ టీషర్టులు, 1,200 పీసులు, నాలుగు రంగులు, చైనా లేదా బంగ్లాదేశ్ నుంచి. హైదరాబాద్‌లో టోకు వ్యాపారం చేసేవాళ్లకైనా, డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో సొంత బ్రాండు నడిపే తెలుగువాళ్లకైనా పద్ధతి ఇదే.

సైట్ల బ్యాడ్జీలు

చైనా టోకు సైటు అలీబాబాలో ‘గోల్డ్ సప్లయర్’ అంటే డబ్బు కట్టి తీసుకున్న సభ్యత్వం, అంతే. ‘వెరిఫైడ్ సప్లయర్’ కాస్త నయం. ఎస్‌జీఎస్, టీయూవీ రైన్‌లాండ్ లాంటి బయటి సంస్థ చూసి రాసిన నివేదిక దానికి ఉంటుంది. ఆ నివేదికలో నేరుగా యంత్రాల పట్టిక తీయండి. టీషర్టుకు ముక్కలు కలిపే ఓవర్‌లాక్, అంచు మడిచి కుట్టే ఫ్లాట్‌లాక్ యంత్రాలు ఎక్కువ కావాలి. పట్టిక నిండా సింగిల్ నీడిల్ యంత్రాలుండి ఫ్లాట్‌లాక్‌లు రెండో మూడో ఉంటే అది చొక్కాలు, ప్యాంట్లు కుట్టే చోటు. మీ ఆర్డరు తీసుకుని ఇంకో షెడ్డుకు పంపుతారు.

యంత్రాల సంఖ్యతో ఇంకో లెక్క కూడా తేలుతుంది. మామూలు టీషర్టు ఒకటి కుట్టడానికి సుమారు 6 నిమిషాల పని పడుతుంది. 30 మంది టైలర్లు రోజుకు 480 నిమిషాల చొప్పున పనిచేస్తే 14,400 నిమిషాలు. అందులో సగమే అసలు కుట్టుకు పోతుందనుకున్నా రోజుకు 1,200 పీసులు వస్తాయి. అలాంటి ఫ్యాక్టరీ పది రోజుల్లో 30,000 పీసులు ఇస్తానంటే పని బయటికి పోతోందన్నమాట. బయటికి ఇవ్వడం తప్పు కాదు. చెప్పకుండా ఇవ్వడమే తప్పు, ఎందుకంటే మీరు చూసిన ఫ్యాక్టరీ వేరు, కుట్టే ఫ్యాక్టరీ వేరు అవుతుంది.

అదే సైటులో కొనేవాళ్ల డబ్బుకు రక్షణగా ఉన్న ట్రేడ్ అష్యూరెన్స్ పనికొచ్చేదే, కానీ రెండు షరతులున్నాయి. డబ్బు సైటు ద్వారానే కట్టాలి. ఒప్పందంలో ‘శాంపిల్ ప్రకారం’ అని వదిలేయకుండా జీఎస్ఎం, సైజుల కొలతలు, ఎంత తేడా ఒప్పుకుంటారో, ఏ తేదీకి పంపాలో అంకెల్లో రాయించాలి. వివాదం వస్తే చూసేది ఒప్పందంలోని రాతనే, చాట్‌లో అన్న మాటలను కాదు.

ఉచిత రిజిస్టర్లు

ఆర్డరు ఎంత చిన్నదైనా ఈ మెట్టు వదలకూడదు. చైనా కంపెనీ అయితే బిజినెస్ లైసెన్స్ స్కాన్ అడగండి. దాని మీద 18 అక్షరాల సామాజిక క్రెడిట్ కోడ్ (కంపెనీ గుర్తింపు నంబరు) ఉంటుంది. చైనా ప్రభుత్వ కంపెనీల రిజిస్టర్ సైటులో ఆ కోడ్ కొడితే కంపెనీ చైనీస్ పేరు, పుట్టిన తేదీ, చిరునామా, వ్యాపార పరిధి వస్తాయి. చట్టం దృష్టిలో చైనీస్ పేరే అసలు పేరు. ఇంగ్లిషు పేరు ఎవరైనా ఎలాగైనా పెట్టుకోవచ్చు. వ్యాపార పరిధిలో ‘తయారీ’ లేకుండా ‘అమ్మకం’, ‘దిగుమతి ఎగుమతి’ మాత్రమే ఉంటే అది ట్రేడింగ్ కంపెనీ. కోడ్‌లో 3, 4 అంకెలు సాధారణంగా రాష్ట్రాన్ని చెబుతాయి: 44 గ్వాంగ్‌డాంగ్, 33 జెజియాంగ్, 35 ఫుజియాన్, 32 జియాంగ్సు. గ్వాంగ్‌జౌలో మా ఫ్యాక్టరీ అంటూ 33 కోడ్ చూపిస్తే ఎందుకని అడగాలి. ‘అసాధారణ కార్యకలాపాల’ జాబితాలో పేరుంటే ఇక అక్కడితో వదిలేయడమే మేలు.

బంగ్లాదేశ్‌లో నిట్ దుస్తుల వాళ్లకు బీకేఎంఈఏ, మొత్తం గార్మెంట్ల వాళ్లకు బీజీఎంఈఏ అనే తయారీదారుల సంఘాల సభ్యత్వాలుంటాయి. అంతకంటే విలువైనది ఫ్యాక్టరీల భద్రత చూసే ఆర్ఎస్‌సీ అనే సంస్థ సమాచారం. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గరి సావర్‌లో గార్మెంట్ ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,134 మంది చనిపోయాక, ఫ్యాక్టరీల భద్రత కోసం అకార్డ్ అనే ఒప్పందం వచ్చింది. 2020లో ఆ పని ఆర్ఎస్‌సీకి మారింది. ఒక్కో ఫ్యాక్టరీ భవనం, విద్యుత్తు, అగ్నిమాపక ఏర్పాట్లలో ఏ లోపాలు దొరికాయో, ఏవి సరిచేశారో అందులో చూడవచ్చు. ఇవన్నీ ప్రాణాలు పోయాక వచ్చిన కాగితాలు. చదవకుండా ఆర్డరు పెట్టడం న్యాయం కాదు. ఓపెన్ సప్లయ్ హబ్ కూడా ఉచితమే. ఫ్యాక్టరీ చిరునామా కొడితే ఏ బ్రాండ్లు దాన్ని తమ జాబితాలో చూపాయో వస్తుంది. ‘ఫలానా పెద్ద బ్రాండుకు కుడతాం’ అన్న మాట ఇక్కడే చాలావరకు తేలిపోతుంది.

అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉండి తిరుప్పూరు నుంచి తెప్పించుకునేవాళ్లకు పని మరీ సులువు. జీఎస్టీ పోర్టల్‌లో నంబరు కొడితే చట్టబద్ధమైన పేరు, రిటర్న్‌లు వేస్తున్నారా లేదా అన్నది కనిపిస్తాయి. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ (డీజీఎఫ్‌టీ) సైటులో ఎగుమతి కోడ్ చూసుకోవచ్చు.

ఎక్కడైనా సరే మూడు పేర్లు కలవాలి: రిజిస్టర్‌లో పేరు, ఒప్పందం మీద పేరు, బ్యాంకు ఖాతా పేరు. చైనా ఫ్యాక్టరీ తరఫున హాంకాంగ్ ఖాతా ఇవ్వడం మామూలే, కానీ ఆ హాంకాంగ్ కంపెనీ పేరు ఒప్పందంలో ఉండాలి. వ్యక్తిగత ఖాతా ఇస్తే కట్టవద్దు. నడిమధ్యలో ‘ఖాతా మారింది’ అని ఈమెయిల్ వస్తే ముందు నుంచీ మాట్లాడుతున్న నంబరుకు వీడియో కాల్ చేసి అడగండి. ఈమెయిల్ హ్యాక్ చేసి డబ్బు మళ్లించే మోసం ఈ వ్యాపారంలో కొత్తది కాదు.

సర్టిఫికెట్లు ఏం చెబుతాయి, ఏం చెప్పవు

కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే గార్మెంట్ ఫ్యాక్టరీ 2012 సెప్టెంబరు 11న తగలబడి 250 మందికి పైగా చనిపోయారు. అంతకు కొన్ని వారాల ముందే దానికి కార్మికుల పరిస్థితి బాగుందని చెప్పే ఎస్ఏ 8000 సర్టిఫికెట్ వచ్చింది. అందుకని ఆడిట్లన్నీ దండగ అని కాదు. కాగితం ఎంతవరకు నమ్మాలో తెలుసుకుని చదవాలని.

దుస్తుల ఫ్యాక్టరీల్లో కార్మికుల పరిస్థితి చూసి ఇచ్చే ర్యాప్ సర్టిఫికెట్‌లో ప్లాటినమ్ రెండేళ్లు, గోల్డ్ ఏడాది, సిల్వర్ ఆరు నెలలు చెల్లుతుంది. ముందు తేదీ చూడండి. అలాంటిదే స్మెటా, కానీ అది సర్టిఫికెట్ కాదు, ఆడిట్ నివేదిక. ‘మాకు స్మెటా సర్టిఫికెట్ ఉంది’ అంటే పూర్తి నివేదిక పంపమనండి. బట్టలో హానికర రసాయనాలు లేవని చెప్పే ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 నంబరును వాళ్ల సైటులో లేబుల్ చెక్‌లో కొడితే అది ఎవరి పేరున ఉందో తెలుస్తుంది. చాలాసార్లు బట్ట నేసిన మిల్లు పేరున ఉంటుంది, కుట్టిన ఫ్యాక్టరీ పేరున కాదు. అలాంటప్పుడు ఆ మిల్లు బట్టే మీ ఆర్డరుకు కొన్నారని ఇన్వాయిస్ చూపించాలి.

సేంద్రియ పత్తి అని అమ్మాలనుకుంటే గాట్స్ (సేంద్రియ వస్త్రాల ప్రమాణం) స్కోప్ సర్టిఫికెట్ ఒక్కటి చాలదు. ఆ పని చేయడానికి ఫ్యాక్టరీకి అర్హత ఉందని మాత్రమే అది చెబుతుంది. మీ సరుకుకు విడిగా ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్ కావాలి. 2020లో గాట్స్ సంస్థే భారత్‌లో నకిలీ ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్ల మోసాన్ని బయటపెట్టింది. దాదాపు 20,000 టన్నుల పత్తి అలా సేంద్రియమని చెలామణి అయింది. అందుకే సర్టిఫికెట్ మీద ఉన్న లింకు నొక్కవద్దు. సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ సైటుకు మీరే విడిగా వెళ్లి నంబరు కొట్టండి.

శాంపిల్ దగ్గర జరిగే మోసం

మొదటి శాంపిల్‌ను శాంపిల్ రూములో మంచి మాస్టర్ కుడతాడు. బట్ట కూడా బజారులో దొరికింది వాడతారు. అది బాగుందని ఆర్డరు ఖాయం చేయవద్దు. అసలు బట్టతో, అసలు లైనులో కుట్టిన ప్రీ-ప్రొడక్షన్ శాంపిల్ రెండు పీసులు అడగండి. రెండింటికీ సంతకం చేసిన ట్యాగు కుట్టించి ఒకటి మీ దగ్గర, ఒకటి ఫ్యాక్టరీ దగ్గర ఉంచాలి. తనిఖీకి వచ్చేవాళ్లు పోల్చి చూసేది దాంతోనే.

డబ్బు జారిపోయేది ఎక్కువగా బట్ట బరువులో. టీషర్టు ఖర్చులో సగానికి పైగా బట్టదే, పైగా నిట్ బట్టను కిలోల లెక్కన కొంటారు. 180 జీఎస్ఎం అని చెప్పి 165 వేస్తే బట్టలో 8 శాతం మిగులుతుంది. చేత్తో పట్టుకుంటే ఈ తేడా తెలియదు. జీఎస్ఎం కట్టర్‌తో 100 చదరపు సెంటీమీటర్ల గుండ్రటి ముక్క కోసి తూచాలి. 1.80 గ్రాములుంటే 180. 5 శాతం తేడా ఒప్పుకుంటే 1.71 నుంచి 1.89 వరకు చెల్లుతుంది.

రెండోది కుదింపు. ఫినిషింగ్‌లో బట్టను లాగి వెడల్పు పెంచుతారు, కంపాక్టింగ్ (బట్టను ముందే కుదించడం) సరిగ్గా చేయరు, థాను విప్పి ఒక రోజు వదులుగా పరచి ఉంచకుండానే కటింగ్ టేబుల్ ఎక్కిస్తారు. కొలతలన్నీ ఆ రోజు సరిగ్గానే ఉంటాయి, కొన్నవాళ్లు ఉతికాక పొట్టి అవుతుంది. సింగిల్ జెర్సీలో పక్క కుట్టు మెలి తిరిగి ముందుకు వస్తుంది కూడా. ఇది తనిఖీ మనిషికి కూడా దొరకదు. కటింగ్‌కు ముందే అసలు బట్ట నుంచి రంగుకు ఒక మీటరు చొప్పున ల్యాబుకు పంపించాలి. 50 సెంటీమీటర్ల గుర్తు పెట్టి మూడు ఉతుకులయ్యాక 47.5 కంటే తగ్గితే ఆ బట్ట వద్దు. ఎరుపు, నలుపు, నేవీ రంగులకు తడి రుద్దుడు పరీక్ష (తడి గుడ్డతో రుద్దితే రంగు అంటుతుందా అన్నది) తప్పకుండా అడగండి. మరకలు అంటేది ఎక్కువగా ఆ రంగులే.

తనిఖీ కంపెనీలు

ఎస్‌జీఎస్, బ్యూరో వెరిటాస్, ఇంటర్‌టెక్ లాంటి పెద్దవి, ఇంకా ఎన్నో చిన్నవి ఈ సేవ ఇస్తాయి. ఒక మనిషి ఒక రోజు పనికి సుమారు 200 నుంచి 350 డాలర్లు. 300 అనుకుంటే మన 1,200 పీసుల మీద పీసుకు 25 సెంట్లు. అది కచ్చితంగా పెట్టదగ్గ ఖర్చే. 300 పీసుల ఆర్డరయితే పీసుకు డాలరు పడుతుంది. అప్పుడు దీనికి బదులు, ప్యాకింగ్ అయిన డబ్బాల్లోంచి వీడియో కాల్‌లో మీరే ఎంచిన మూడు పీసులను కొరియర్ చేయించుకుని, చూశాకే మిగతా డబ్బు కట్టండి.

విడిగా ఫ్యాక్టరీ ఆడిట్ చేయించడం చిన్న వ్యాపారికి అనవసరం. అదే డబ్బుతో పని నడుస్తుండగా, 20–30 శాతం కుట్టడం పూర్తయినప్పుడు ఒక తనిఖీ పెట్టించండి. సరుకు అక్కడే కుడుతున్నారా, కట్ బండిళ్ల మీద మీ స్టైల్ నంబరుందా, తప్పులు ఏ యంత్రం దగ్గర పుడుతున్నాయి అన్నవన్నీ దిద్దుకునే సమయం ఉండగానే తెలుస్తాయి.

చివరి తనిఖీ మొత్తం కుట్టడం అయిపోయి, కనీసం 80 శాతం ప్యాకింగ్ అయ్యాకే జరగాలి. ఐఎస్ఓ 2859-1 పట్టిక ప్రకారం, సాధారణ స్థాయి 2లో 1,200 పీసులకు 80 పీసులు తీసి చూస్తారు. ఏక్యూఎల్ (ఒప్పుకునే లోపాల స్థాయి) 2.5 పెట్టుకుంటే పెద్ద లోపాలు 5 వరకు పాస్, 6 అయితే ఫెయిల్. 4.0 పెట్టుకుంటే చిన్న లోపాలు 7 వరకు పాస్, 8కి ఫెయిల్. ప్రమాదకరమైన లోపం, ఉదాహరణకు విరిగిన సూది ముక్క, ఒక్కటి కూడా ఉండకూడదు. ఇక్కడ చాలామంది పొరబడతారు. 2.5 అంటే నూటికి రెండున్నరకు మించి చెడ్డ పీసులు రావని కాదు. 80లో 5 దొరికి పాస్ అయిన లాటులో, అదే నిష్పత్తిన 75 చెడ్డ పీసులు ఉండవచ్చు. ఖరీదైన బ్రాండు నడిపేవాళ్లు 1.5 అడగాలి, ధర కాస్త పెరుగుతుందని తెలిసే అడగాలి.

తనిఖీ బుక్ చేసేటప్పుడు ఇచ్చే చెక్‌లిస్టులోనే సగం ఫలితం ఉంది. ఏది పెద్ద లోపం, ఏది చిన్నది అన్నది మీరే రాసివ్వండి. రంధ్రం, ఛాతీ మీద మరక, తెగిన కుట్టు, ఒప్పుకున్న తేడా దాటిన కొలత పెద్దవి. కత్తిరించని దారం చిన్నది. డబ్బాలను తనిఖీ మనిషే ఎంచాలి. 25 డబ్బాలుంటే కనీసం 5, నాలుగు రంగులూ అన్ని సైజులూ కలిసేలా. జీఎస్ఎం కోసం రంగుకు ఒక పీసు కోయడానికి ఫ్యాక్టరీ ముందే ఒప్పుకుని ఉండాలి. గేటు బోర్డు ఫొటో, లొకేషన్, డబ్బాల లెక్క నివేదికలో ఉండాలి. సరుకును ఏదో గోదాములో చూపిస్తామంటే తనిఖీ ఆపేయమనండి.

డబ్బును తనిఖీకి ముడిపెట్టడం

30 శాతం అడ్వాన్సు, 70 శాతం సరుకు బయల్దేరే ముందు అన్నది మామూలు బేరం. ఒప్పందంలో ఆ 70ని ‘తనిఖీ పాసయ్యాక’ అని రాయించండి. పెద్ద ఆర్డరుకు ఎల్‌సీ (పత్రాలు చూపితే బ్యాంకు డబ్బు కట్టే ఏర్పాటు) తెరిస్తే తనిఖీ సర్టిఫికెట్‌ను కావలసిన పత్రాల్లో చేర్చాలి. ఎల్‌సీల అంతర్జాతీయ నియమాలైన యూసీపీ 600 ప్రకారం బ్యాంకులు పత్రాలనే చూస్తాయి, సరుకును చూడవు. పత్రాల్లో తనిఖీ లేకపోతే డబ్బాల్లో గుడ్డపేలికలున్నా పత్రాలు సరిగ్గా ఉంటే బ్యాంకు కట్టేస్తుంది.

బంగ్లాదేశ్ నుంచి తెప్పించే మనవాళ్లు ఇంకో రెండు చూసుకోవాలి. 2025 మే నుంచి అక్కడి రెడీమేడ్ దుస్తులను భారత్‌లోకి నవా షేవా, కోల్‌కతా రేవుల ద్వారానే అనుమతిస్తున్నారు, భూమార్గం లేదు. సుంకం రాయితీ తీసుకుంటే 2020 నాటి కరోటార్ నిబంధనల ప్రకారం ఆ సరుకు నిజంగా అక్కడే తయారైందని చూపే వివరాలు దిగుమతిదారు దగ్గరే ఉండాలి. ఫ్యాక్టరీ చెప్పకుండా పని బయటికి ఇచ్చి ఉంటే కస్టమ్స్ ముందు జవాబు చెప్పాల్సింది మీరే. అమెరికాకు పంపేవాళ్లు పత్తి ఎక్కడిదో జిన్నింగ్ దాకా కాగితాలు అడగాలి. చైనాలోని షిన్‌జియాంగ్ పత్తి అని అనుమానం వస్తే 2022 జూన్ నుంచి అమలులో ఉన్న బలవంతపు శ్రమ నిరోధక చట్టం కింద సరుకు రేవులోనే ఆగిపోతుంది.

తనిఖీ ఫెయిలయితే ఏమిటన్నది కూడా ముందే రాసుకోవాలి. మొత్తం సరుకును ఫ్యాక్టరీయే ఏరి, సరిచేసి, రెండోసారి తనిఖీ ఫీజు తనే కట్టాలి. ఆలస్యమైన రోజులకు కోత ఉండాలి. ఈ వాక్యం ఒప్పందంలో చేర్చడానికి ఒప్పుకోని ఫ్యాక్టరీకి అడ్వాన్సు పంపవద్దు.