చీమకుర్తి ఇంట్లో మూడేళ్లు వాడాక ఎయిర్ ప్యూరిఫైయర్ ఫిల్టర్ల గురించి

మాది చీమకుర్తి. బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ దొరికే ఊరు కాబట్టి ఇంటి ముందు రోజంతా రాళ్ల లారీలే. పొద్దున తుడిచిన టీవీ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. అమ్మకు ఆస్తమా, అందుకే మూడేళ్ల కిందట ఆమె గదికి ప్యూరిఫైయర్ కొన్నాం. మెషిన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, లోపల ఉన్నది ఫ్యానే, పనంతా ఫిల్టర్లది.

ముందుండే జాలీని, అంటే ప్రీఫిల్టర్ని, నెలకోసారి కడగమని పుస్తకంలో రాశారు. మా ఊళ్లో వారానికోసారి కడగాల్సిందే. బకెట్లో ముంచితే నీళ్లు సిమెంటు కలిపినట్టు అయిపోతాయి, కాసేపు కదపకుండా వదిలేస్తే అడుగున బూడిదరంగు బురద దిగుతుంది, వేళ్ల మధ్య రుద్దితే గరగరలాడుతుంది.

జాలీకి చిక్కని సన్న ధూళిని పట్టేది హెపా. 0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతం ఆపాలన్నది దాని ప్రమాణం, "హెపా టైప్" అని రాసి అమ్మేవాటికి ఆ గ్యారంటీ లేదు. తలుపులు మూస్తే మా మీటర్లో పీఎం 2.5 (గాలిలోని సన్న ధూళి లెక్క) ఎనభై నుంచి అరగంటలో పదిహేనుకు దిగేది. మొదటి ఏడాది డబ్బు మిగులుతుందని హెపాని కూడా సబ్బు నీళ్లతో కడిగి నీడన ఆరబెట్టాను. చూడ్డానికి కొత్తదానిలా ఉంది, రీడింగ్ మాత్రం నలభై దగ్గరే ఆగిపోయింది, ఆ వారమంతా అమ్మ రాత్రిళ్లు దగ్గుతూనే ఉంది. చాలా హెపాల్లో పోగులకు స్టాటిక్ కరెంటు లాంటి చార్జ్ ఉంటుంది, సన్న ధూళిని పట్టడంలో దాని పాత్ర చాలా ఉంది, సబ్బు తగిలితే అది పోతుంది. దయచేసి ఎవరూ కడగకండి, మార్చేయండి.

ఎక్కువమంది మోసపోయేది కార్బన్ ఫిల్టర్ దగ్గర. హెపా వాసనల్ని ఆపలేదు, వాయువులు అందులోంచి నేరుగా వెళ్లిపోతాయి. పక్కింట్లో పొగాకు మండె వేసిన (ఆకును కుప్పగా పేర్చిన) రోజుల్లో ఆ ఘాటు, దోమల చుట్ట వాసన, ఇవన్నీ తగ్గాలంటే యాక్టివేటెడ్ కార్బనే, అంటే సన్న రంధ్రాలున్న బొగ్గే, దిక్కు. బొగ్గు లోపలి సన్నటి రంధ్రాల గోడలకు వాయువు అంటుకుంటుంది, గోడలు నిండాయంటే ఇక పని చేయదు. అందుకే బొగ్గు ఎంత ఉందన్నదే లెక్క. ఒకసారి ఆన్‌లైన్‌లో సగం ధరకు వచ్చిన ఫిల్టర్ తెప్పించి వంటింటి కాటాలో పెట్టి చూస్తే 180 గ్రాములు, పాతది 600 పైనే. కొత్తది స్పాంజికి నల్ల పొడి పూసినట్టుంది, పాతది ఊపితే గింజలు గలగలమంటాయి. ఆ చవకది మూడు వారాలకే చేతులెత్తేసింది. వానాకాలం తేమకు మంచి కార్బన్ కూడా కాస్త మందగిస్తుంది, మాకు ఆరు నెలలకు మించి రావట్లేదు.

అమ్మ ఇన్‌హేలర్ మానలేదు, డాక్టర్ మానమనలేదు కూడా. అర్ధరాత్రి లేచి కూర్చోవడం మాత్రం బాగా తగ్గింది. ఇంకొకటి, ఫిల్టర్ మార్చేటప్పుడు అంచున ఉండే ఫోమ్ పట్టీ చూడండి, దాని పక్కన ధూళి చార కనపడితే గాలి ఫిల్టర్లోంచి కాకుండా ఆ సందులోంచి పోతున్నట్టే.