సంక్రాంతి సెలవులకి ముందా, తర్వాతా? పిల్లల కౌన్సెలింగ్ క్లాస్ ఎప్పుడు పెట్టాలి

మా గాజువాక వైపు స్కూల్లో ప్రతి డిసెంబర్‌లో ఇదే గోల, క్రిస్మస్ అయ్యాక సంక్రాంతి సెలవుల లోపు పెట్టాలా, పిల్లలు తిరిగొచ్చాక పెట్టాలా అని.

ముందు పెడితే ఒక లాభం ఉంది, ఇంట్లో గొడవలుండే పిల్లాడికి సెలవులంటే భయమే కదా, వాడికి ఎవరికి చెప్పుకోవాలో, 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ నంబర్, మనసు బాగోకపోతే మాట్లాడే 14416 టెలీ మానస్ నంబర్ ముందే రాసిచ్చి పంపొచ్చు. కానీ పిల్లల మనసంతా శ్రీకాకుళం బస్సు మీదే ఉంటుంది, గాలిపటాలు, భోగి పిడకలు, ఇంక ఎవడు వింటాడండీ. అందుకే ముందు క్లాసంటే ఇరవై నిమిషాలు చాలు.

తర్వాత పెడితే మాటలు వాటంతటవే వస్తాయి. ఊరెళ్ళినవాడు కోడిపందేల కబుర్లు చెప్తాడు, నేవీ క్వార్టర్స్ పిల్ల నాన్న షిప్‌లో ఉన్నాడు, పండక్కి రాలేదు అంటుంది, తాతయ్య పోయాక వచ్చిన మొదటి పండగైతే ఆ పిల్లాడు అస్సలు మాట్లాడడు, బొమ్మ గీయమంటే గీస్తాడు. అందరూ పండగ చేసుకున్నారనే లెక్కలో మాత్రం అడక్కూడదు, సంక్రాంతి చేసుకోని ఇళ్ళ పిల్లలూ ఉంటారు, "సెలవుల్లో నచ్చిందేంటి, నచ్చనిదేంటి" అంటే చాలు. ఇబ్బందల్లా అప్పటికి జరగాల్సింది జరిగిపోయుంటుంది, పైగా పదో తరగతి వాళ్ళకి పబ్లిక్ పరీక్షల టెన్షన్.

నన్నడిగితే నంబర్లు ముందు, అసలు క్లాస్ తర్వాత, వచ్చిన వారంలోనే.