స్పిటల్‌ఫీల్డ్స్ లాడ్జింగ్ ఇళ్ల వీధియాత్ర

లండన్ తూర్పు భాగంలోని స్పిటల్‌ఫీల్డ్స్‌లో, విక్టోరియా కాలంలో పేదలు రాత్రికింత చెల్లించి తలదాచుకున్న లాడ్జింగ్ ఇళ్ల కథ చెబుతూ నడిపించే యాత్రకు మొన్న ఆదివారం వెళ్లాము. 1851, 1853 నాటి చట్టాల ప్రకారం ఆ ఇళ్లను నమోదు చేయించాలనీ, ఏటా ఏప్రిల్, అక్టోబరు నెలల మొదటి వారంలో గోడలకూ పైకప్పులకూ సున్నం కొట్టించాలనీ, పోలీసులు వచ్చి తనిఖీ చేసేవారనీ మార్గదర్శకుడు ఓపికగా వివరించారు. కానీ రాత్రి పడకకు నాలుగు పెన్నీలు ఇచ్చుకోలేనివాడికి ఈ నియమాలతో ఒరిగిందేమిటన్న నా ప్రశ్నను దాటవేశారు. 1894లో ఈ ఇళ్లపై అజమాయిషీ పోలీసుల నుంచి నగర పాలక సంస్థ అయిన లండన్ కౌంటీ కౌన్సిల్‌కు మారిన సంగతి ఒక్క వాక్యంలో ముగిసింది. వెంట్‌వర్త్ వీధిలో 1886 అని చెక్కిన తోరణం వద్ద మాత్రం చాలాసేపు నిలిపి, పాత ఇళ్లను కూల్చి కార్మికుల వసతిగృహాలు కట్టిన తీరు చెప్పడం టికెట్టు ధరకు న్యాయం చేసింది. ఇరవై మందిని ఒకే గుంపుగా నడిపించడంతో వెనుకవారికి మాట వినబడలేదు. గదికి ఇందరేనని హద్దు పెట్టిన చట్టాల గురించి చెప్పే యాత్రలోనే ఈ కిక్కిరిసిన నడక!