అరకు: కాలేజీ బ్యాచ్‌కి వానాకాలం మేలా, చలికాలం మేలా?

అరకు ఎప్పుడు వెళ్లాలని ఎవరిని అడిగినా "డిసెంబర్‌లో వెళ్లండి" అంటారు. కుటుంబంతో కారులో వెళ్లేవాళ్లకి ఆ జవాబు సరిపోతుంది. కాలేజీ పిల్లల సంగతి వేరు. సెలవులు మన చేతిలో ఉండవు. పరీక్షల తేదీలు మారుతుంటాయి. వస్తామన్నవాళ్లలో సగం మంది బయల్దేరే రోజుకి జారుకుంటారు. చేతిలో డబ్బు అందరికీ ఒకేలా ఉండదు. అందుకే కొండలు ఏ కాలంలో అందంగా ఉంటాయన్నది నాకు రెండో ప్రశ్న. చివర్లో ప్లాన్ మారితే ఏ కాలంలో తక్కువ నష్టపోతాం అన్నదే మొదటి ప్రశ్న.

ఆ లెక్కన చూస్తే విశాఖపట్నం, విజయనగరం చుట్టుపక్కల చదువుకునేవాళ్లకి వానాకాలం మేలు. హైదరాబాద్, విజయవాడ, తిరుపతి లాంటి చోట్ల నుంచి వచ్చేవాళ్లకి చలికాలం మేలు, అదీ అందరూ చెప్పే డిసెంబర్ కాదు. ఎందుకో చెబుతాను.

ముందు వానాకాలం. జూన్‌లో రుతుపవనాలు వచ్చాక నెల తిరిగేసరికి అనంతగిరి కొండలు పచ్చబడిపోతాయి. బొర్రా గుహల దగ్గర కటికి జలపాతం, అరకు దాటాక చాపరాయి వాగు నిండుగా పారుతుంటాయి. కానీ వానాకాలంలో అసలు చూడాల్సింది అరకు ఊరు కాదు, అక్కడికి వెళ్లే రైలు దారి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చడానికి వేసిన కొత్తవలస–కిరండూల్ లైన్ ఇది. పొద్దున ఏడు లోపే విశాఖలో బయల్దేరే కిరండూల్ రైలు శివలింగపురం దాటాక కొండెక్కడం మొదలుపెడుతుంది. అక్కడి నుంచి వరసగా సొరంగాలు, వంతెనలు. అరకుకి ముందు వచ్చే శిమిలిగూడ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తులో ఉంటుంది. వానాకాలంలో సొరంగంలోకి వెళ్తుంటే చల్లటి తడిగాలి ముఖానికి కొడుతుంది. బయటికి రాగానే కిటికీకి దగ్గర్లోనే నల్లరాతి మీద నీళ్లు జారుతుంటాయి. ఇంకో మలుపు తిరిగితే లోయంతా మబ్బు. ఆ మబ్బు విడిపోగానే కింద ఎక్కడో చిన్న ఊరు, పచ్చటి పొలం కనిపిస్తాయి. అరకు చేరేదాకా కళ్లు తిప్పుకోబుద్ధి కాదు.

ఈ రైలుకి 2017లో అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ బోగీ పెట్టారు. అందులోనే వెళ్లాలని చాలామంది పట్టుపడతారు. స్టూడెంట్లకి అది అక్కర్లేదని నా అభిప్రాయం. మామూలు బోగీలో కిటికీ తెరుచుకుంటుంది, గాలి తగులుతుంది, కనిపించేవి ఆ కొండలే. పైగా రిజర్వేషన్ లేకుండా జనరల్ టికెట్‌తో వెళ్లొచ్చు. వానాకాలానికి నేను ఓటు వేయడానికి సగం కారణం ఇదే.

వానాకాలం ప్లాన్ ఎందుకు మారుతుందంటే బంగాళాఖాతంలో అల్పపీడనం పడుతుంది కాబట్టి. గట్టి వానలకి చిమిడిపల్లి, బొర్రా మధ్య పట్టాల మీద కొండరాళ్లు పడటం, రైళ్లు ఆగిపోవడం కొత్తేమీ కాదు. కానీ అల్పపీడనం చెప్పకుండా రాదు. రెండుమూడు రోజుల ముందే వాతావరణ శాఖ జిల్లాలవారీగా ఎల్లో, ఆరెంజ్, రెడ్ అలర్ట్‌లు ఇస్తుంది. శుక్రవారం సాయంత్రం అరకు ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లాకి ఆరెంజ్ కనిపించిందా, విశాఖలో ఉన్నవాళ్లు ఆదివారం ప్రయాణం మానేసి పై ఆదివారానికి మార్చుకుంటే సరి. టికెట్ కొనలేదు, రూము తీసుకోలేదు, పైసా పోలేదు. అదే హైదరాబాద్ బ్యాచ్ అయితే అప్పటికే రాత్రి రైలుకి బెర్తులు, అరకులో గదులు బుక్ చేసుకుని ఉంటుంది. వానని బట్టి తేదీ మార్చుకునే వెసులుబాటు దగ్గరివాళ్లకే ఉంటుంది.

పొద్దున వెళ్లి రాత్రికి రావచ్చు కాబట్టి గది ఖర్చు ఉండదు. తిరుగు రైలు మాత్రం గూడ్స్ బళ్లకి దారిస్తూ ఆలస్యం కావడం మామూలే. హాస్టల్ గేటు టైముతో టెన్షన్ ఉన్నవాళ్లు తిరిగేటప్పుడు రైలుని నమ్ముకోకుండా మధ్యాహ్నమే ఎస్.కోట మీదుగా వచ్చే బస్సు పట్టుకోవడం మంచిది.

వానాకాలంలో దొరకనివి కూడా చెప్పాలి. సూర్యోదయం ఉండదు. గాలికొండ వ్యూపాయింట్ దగ్గర ఆగితే ఎదురుగా తెల్లటి మబ్బు తప్ప ఏమీ కనిపించకపోవచ్చు. అలాంటి రోజున బొర్రా గుహలే దిక్కు. నీళ్లు సున్నపురాయిని కరిగిస్తూ చుక్కచుక్కగా కారితేనే ఆ రాతి స్తంభాలు ఏర్పడ్డాయి. వానల్లో పైకప్పు నుంచి ఆ చుక్కలు పడుతూనే ఉంటాయి, వేల ఏళ్లుగా సాగుతున్న పని కళ్లముందే కనిపిస్తుంది. మెట్లు జారతాయి, చెప్పులు కాకుండా పట్టున్న బూట్లు వేసుకోండి.

ఇంకో రెండు విషయాల్లో నేను గట్టిగానే చెబుతాను. చాపరాయి దగ్గర నీళ్లు చీలమండల దాకే ఉన్నట్టు కనిపిస్తాయి, కానీ కింద బండ పాచిపట్టి ఉంటుంది, పక్కనే లోతైన గుంటలుంటాయి. పైన కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తున్నప్పుడే నీళ్లు పెరుగుతాయి. ఒడ్డున కూర్చోండి, దిగకండి. రెండోది, వానల్లో బైకుల మీద ఘాట్ ఎక్కొద్దు. మలుపుల్లో పొగమంచు కమ్మితే ఎదురుగా వచ్చే లారీ లైట్లు దగ్గరికి వచ్చేదాకా కనిపించవు. బస్సుంది, రైలుంది. ఇద్దరు బైకు మీదే వస్తామని పట్టుపడితే ఆ ఇద్దరి కోసం ప్లాన్ మార్చకండి.

ఇక చలికాలం. అరకు చలికాలం అంటే నిజానికి మూడు చోట్లు: అరకు, పాడేరు దగ్గర వంజంగి, చింతపల్లి దగ్గర లంబసింగి. నవంబర్‌లో అరకు పొలాల నిండా వలిసె పూలు పూస్తాయి, ఎటు చూసినా పసుపు. అవి గిరిజన రైతుల నూనెగింజల పంట. ఫొటోల కోసం మొక్కల మధ్యకి దిగి తొక్కేయడం వాళ్ల కష్టాన్ని తొక్కేయడమే. గట్టు మీద నిలబడినా ఫొటో బాగానే వస్తుంది.

వంజంగి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నిరాశతో తిరిగొచ్చేవాళ్లు ఎక్కువగా కనిపించేది అక్కడే. తెల్లారకముందే పాడేరు నుంచి బయల్దేరి, బండి వెళ్లేదాకా వెళ్లి, అక్కడి నుంచి ఫోన్ టార్చీల వెలుగులో కొండెక్కాలి. పైకి చేరేసరికి ఒళ్లంతా చెమట, ఆగగానే వణుకు. తెల్లారాక కాళ్ల కింద లోయ నిండా మబ్బులు, వాటి మీంచి తేలిన కొండ శిఖరాలు, ఆ వెనక ఎర్రగా సూర్యుడు. కానీ ఇది రోజూ జరగదు. రాత్రి ఆకాశం తేటగా ఉండి, గాలి కదలకుండా ఉంటే నేల త్వరగా చల్లబడుతుంది. చల్లగాలి బరువెక్కి లోయలోకి దిగుతుంది, అందులోని తేమ పొగమంచుగా మారి లోయని నింపేస్తుంది. ఆకాశం మబ్బు పట్టినా, గాలి వీచినా ఆ దృశ్యం కనిపించదు. ఎండ ముదిరితే విడిపోతుంది. కాబట్టి ఒక్క రాత్రి ప్లాన్‌తో వంజంగికి వెళ్లడం జూదమే. రెండు తెల్లవారుజాములు చేతిలో ఉంటేనే వెళ్లాలి. లంబసింగిలో చలి గట్టిగా ఉండటానికీ రాత్రి నేల ఇలా చల్లబడటమే కారణం. జనవరి రాత్రుల్లో ఆ చుట్టుపక్కల ఉష్ణోగ్రత పది డిగ్రీల కంటే దిగిపోవడం మామూలే. ఒక్క పలచటి స్వెటర్‌తో వచ్చి తెల్లవార్లూ చలిమంట దగ్గరే కూర్చునే బ్యాచ్‌లు ప్రతి ఏడాదీ కనిపిస్తాయి.

అంటే చలికాలం ప్రయాణానికి తక్కువలో తక్కువ రెండు రాత్రులు కావాలి. రెండు రాత్రులంటే గదులు. గదులంటే ముందే డబ్బు కట్టాలి. శని, ఆదివారాల్లో, సంక్రాంతి సెలవుల్లో, కొత్త సంవత్సరం ముందు రోజుల్లో గదులు దొరకడమే కష్టం. ఘాట్ రోడ్డు మీద కార్లు బారులు తీరతాయి.

అసలు చిక్కు అది కూడా కాదు. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు మొదలవుతుంది (2024 నవంబర్‌కి ముందు 120 రోజులుండేది). మంచి రైళ్లలో శుక్రవారం రాత్రి బెర్తులు త్వరగా అయిపోతాయి. యూనివర్సిటీ పరీక్షల టైంటేబుల్ మాత్రం అంత ముందుగా రాదు. అంటే పరీక్షలు ఎప్పుడో తెలియకుండానే టికెట్ కొనాలి. నవంబర్, డిసెంబర్ చాలా కాలేజీల్లో ఎండ్ సెమ్ పరీక్షలు, ల్యాబ్‌లు, ప్రాక్టికల్స్ ఉండే రోజులు. దానికి తోడు తుపాన్లు. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న విశాఖని తాకింది. తిత్లీ 2018 అక్టోబర్ 11న శ్రీకాకుళం జిల్లాలో తీరం దాటింది. మిచౌంగ్ 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఎన్నో రైళ్లు రద్దయ్యాయి. తుపాను వస్తే పరీక్ష వాయిదా పడుతుంది, వాయిదా పడిన పరీక్ష వచ్చి మన ట్రిప్ తేదీ మీద పడుతుంది. డిసెంబర్ ప్లాన్లు ఎక్కువగా ఇలాగే చెడిపోతాయి.

డబ్బు సంగతి కూడా తెలుసుకోండి. రైల్వేనే రైలు రద్దు చేస్తే టికెట్ డబ్బు మొత్తం వెనక్కి వస్తుంది. మనం రద్దు చేసుకుంటే కోత పడుతుంది, బయల్దేరే టైము దగ్గర పడేకొద్దీ ఆ కోత పెరుగుతుంది. కన్ఫర్మ్ అయిన తత్కాల్ టికెట్ రద్దు చేసుకుంటే ఏమీ రాదు. ఒక ఫ్రెండ్ మానేస్తే అతని టికెట్ మీద ఇంకొకరు వెళ్లడం కుదరదు. కానీ గుర్తింపు ఉన్న విద్యాసంస్థలో చదివేవాళ్లకి ఒక వెసులుబాటుంది. బయల్దేరడానికి 48 గంటల ముందు ప్రిన్సిపాల్ రాతపూర్వకంగా కోరితే అదే కాలేజీలోని మరో విద్యార్థి పేరు మీదికి టికెట్ మార్చవచ్చు. ఇది చాలామందికి తెలియదు. డిపార్ట్‌మెంట్ ట్రిప్ అయితే ఆ లెటర్ సంపాదించడం పెద్ద కష్టం కాదు.

అటెండెన్స్ లెక్కలో కూడా రెండు కాలాలకీ తేడా ఉంది. జూలై, ఆగస్టుల్లో సెమిస్టర్ అప్పుడే మొదలై ఉంటుంది, ఒక రోజు పోయినా తర్వాత కూడగట్టుకోవచ్చు. సెమ్ చివర్లో అలా కాదు. జేఎన్‌టీయూ కాలేజీల్లో 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే ఆరోగ్య కారణాలు చూపించి కండోనేషన్‌కి (హాజరు తక్కువైనా పరీక్ష రాయనిచ్చే మినహాయింపుకి) వెళ్లాలి. 74 దగ్గర ఊగుతున్నవాడిని డిసెంబర్‌లో రెండు రోజులు క్లాసు మానమని బలవంతపెట్టకండి. అమ్మాయిలకి ఇంకో గడప కూడా ఉంటుంది: ఇంట్లో ఒప్పించడం, హాస్టల్లో అవుటింగ్ లెటర్. ఆ లెటర్లో తేదీలు రాసుంటాయి. ట్రిప్ తేదీ ఒక్క రోజు మారినా వార్డెన్ మళ్లీ నాన్నగారికి ఫోన్ చేస్తారు, కథ మొదటికొస్తుంది. పగలు వెళ్లి రాత్రికి వచ్చే వానాకాలం ప్రయాణానికి ఒప్పించడం ఎంతో తేలిక.

అందుకే దూరం నుంచి వచ్చేవాళ్లకి నేను చెప్పేది సంక్రాంతి అయ్యాక, జనవరి చివరి నుంచి ఫిబ్రవరి రెండో వారం వరకు. తుపాన్ల కాలం దాటిపోతుంది. కొత్త సెమ్ మొదలవుతూ ఉంటుంది, మిడ్ పరీక్షలు దూరంగా ఉంటాయి. జనం తగ్గుతారు, గదులు బేరమాడి తీసుకోవచ్చు. తెల్లవారుజామున చలి ఇంకా వణికిస్తూనే ఉంటుంది. వలిసె పూలు మాత్రం అప్పటికి ఉండవు, వంజంగిలో మబ్బులు కూడా పలచబడవచ్చు. ఆ రెండూ వదులుకుంటే మిగతావన్నీ టెన్షన్ లేకుండా దొరుకుతాయి.

వేసవి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. జలపాతాలు సన్నబడతాయి, మధ్యాహ్నాలు చెమట పడుతుంది. మార్చి, ఏప్రిల్‌లో తొలి జల్లులు పడ్డాక కాఫీ తోటలు తెల్లగా పూసి కొన్ని రోజులు మల్లెల్లా గుబాళిస్తాయి, ఆ సమయం కలిసొస్తే అదృష్టమే. ఆఖరి సంవత్సరం వాళ్లకి, పరీక్షలయ్యాక అందరూ కలిసి వెళ్లే చివరి అవకాశం ఇదే అయితే, కాలం చూడకుండా వెళ్లండి.

ఒక హెచ్చరిక. అరకు ప్లాన్ చెడిపోతే ఊరికే కూర్చోలేక అప్పటికప్పుడు "పాపికొండలు పోదాం" అంటారు. ఆగస్టు, సెప్టెంబర్ గోదావరికి వరద కాలం. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి పదుల మంది ప్రాణాలు పోయాయి. అధికారులు బోట్లు ఆపేసిన రోజున, ఎవరో తీసుకెళ్తామన్నారని ఎక్కకండి. చలికాలంలో, నది నిదానంగా ఉన్నప్పుడు, లైఫ్ జాకెట్ వేసుకుని వెళ్లొచ్చు.

ఒకే బ్యాచ్‌లో విశాఖ వాళ్లు, హైదరాబాద్ వాళ్లు కలిసి ఉంటే తేదీ ఎవరి ప్రకారం పెట్టాలని గొడవ పడతారు. దూరపువాళ్ల టికెట్ తేదీయే ఖాయం చేయండి. విశాఖ వాళ్లు ఆగస్టులో ఒకసారి రైల్లో వెళ్లొచ్చి ఉన్నా, ఫిబ్రవరిలో మళ్లీ రావడానికి వాళ్లకి బస్సు ఛార్జీ ఉంటే చాలు.