వాకర్ గారి నీలం కారు: 1:43 బొమ్మ

చెన్నై టి.నగర్‌లో ఓ చిన్న హాబీ షాపులో కొన్నాను. 1961 మొనాకో గ్రాండ్ ప్రి కార్ల రేసులో డ్రైవర్ స్టిర్లింగ్ మాస్ గెలిచిన లోటస్ 18 కారుకి 43వ వంతు సైజు బొమ్మ. ధర 2,800. "ఈ అగ్గిపెట్టెకా?" అంది మా ఆవిడ.

నాకు మాస్ కన్నా ఆ కారు ఓనరు రాబ్ వాకర్ అంటేనే ఇష్టం. 1939లో లె మాన్స్ 24 గంటల రేసులో తనే డెలాహే కారు నడిపి 8వ స్థానంలో వచ్చాడు. తర్వాత సొంత డబ్బుతో టీమ్ నడిపాడు. 1958 అర్జెంటీనాలో మాస్ నడిపిన వాకర్ బుల్లి కూపర్ కారు ఫెరారీ కంపెనీ సొంత టీమ్ కార్లను ఓడించింది. ఇంజన్ డ్రైవర్ వెనక ఉన్న కారు ప్రపంచ ఛాంపియన్‌షిప్ రేసు గెలవడం అదే మొదటిసారి.

ఇక బొమ్మ సంగతి. ముదురు నీలం, ముక్కు చుట్టూ తెల్ల పట్టీ, రంగు బాగా కుదిరింది. ఆ రోజు వేడికి మాస్ పక్క ప్యానెళ్లు తీయించేశాడు. ఇందులోనూ అవి లేవు, లోపలి గొట్టాల ఫ్రేమ్ కనిపిస్తుంది. నేను డబ్బులిచ్చింది దానికే. అంతకన్నా బలమైన ఫెరారీలు వెంటపడుతుంటే, 100 ల్యాపులు లాగి 3.6 సెకన్ల తేడాతో గెలిచిన కారండీ ఇది!

20 నంబరు స్టిక్కరు ఒకవైపు వంకర. అద్దం ఊగుతోంది, పిల్లల చేతికివ్వద్దు.

షాపాయన తెలుగువాడే. "ఇక్కడే చూసుకోండి సార్, తర్వాత మార్చను" అని ముందే చెప్పేశాడు. 1968లో డ్రైవర్ జో సిఫర్ట్ వాకర్‌కి బ్రిటిష్ గ్రాండ్ ప్రి గెలిచిపెట్టిన లోటస్ 49 తెప్పిస్తారా అనడిగితే 500 అడ్వాన్స్ అన్నాడు. కట్టేశాను.