జాగ్రత్త: బిల్లులో లేని పియానో కొనకండి

చెన్నైలో ఇంటి రికార్డింగు కోసం పియానో సాఫ్ట్‌వేర్ వెతుకుతున్నవారికి, ముఖ్యంగా ‘గ్రాండ్ పియానో మొత్తం హార్డ్ డిస్కులో వేసి ఇచ్చేస్తాం’ అనే మాట ఏదైనా దుకాణంలో విన్నవారికి ఈ హెచ్చరిక. వడపళని వైపు సంగీత పరికరాలు అమ్మే ఒక దుకాణంలో ఆ మాట మీద నేను 9,500 రూపాయలు ఇచ్చాను. చేతికి వచ్చింది 15 నిమిషాలకు ఒకసారి మూగబోయే పియానో. దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది. ఎలా అమ్మారో తెలిస్తే చాలు, రేపు ఇంకో వీధిలో ఇంకొకరు అదే పద్ధతిలో అమ్మబోయినా మీరు పట్టుకోగలరు.

మా ఇంట్లో రికార్డు చేసేవి ఎక్కువగా లలిత గీతాలు, భక్తి పాటలు. గొంతు కింద ఒదిగి, మెత్తగా పలికే పియానో కావాలి. అసలు పియానో కొని ఈ ఊళ్లో నిలబెట్టుకోవడం అందరివల్లా అయ్యే పని కాదు. సముద్రపు గాలిలోని తేమకు చెక్క ఉబ్బుతుంది, శ్రుతి జారుతుంది, సరిచేసేవాళ్లను పదేపదే పిలవాలి. అపార్టుమెంటులో మూడో అంతస్తుకు దాన్ని ఎక్కించడం వేరే కథ. కాబట్టి సాఫ్ట్‌వేరే దారి, అందులో తప్పేమీ లేదు. మంచివి నిజంగానే ఉన్నాయి.

దుకాణదారు నెల్లూరు వైపు మనిషి. మనం నోరు విప్పగానే తెలుగులోకి మారిపోతారు. ‘మనవాళ్లకు ఎక్కువ చెబుతానా సార్’ అనే మాట ఈ ఊళ్లో ఎంత పని చేస్తుందో ఇక్కడున్న తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. 88 మెట్ల బరువైన కీబోర్డు ముందు ఒక కుర్రవాణ్ని కూర్చోబెట్టారు. పెద్ద స్పీకర్లు, నిండా రివర్బ్ (పెద్ద హాల్లో మోగినట్టు కృత్రిమంగా కలిపే ప్రతిధ్వని). అతను రెండు చేతులతో పై నుంచి కింది దాకా ఊడ్చేశాడు. వినడానికి ఘనంగానే ఉంది. ‘దీనికి ఇంకేమైనా కొనాలా?’ అని స్పష్టంగా అడిగాను. ‘ఏమీ అక్కర్లేదు సార్, అంతా ఇందులోనే ఉంది. జీవితకాలం మీదే’ అన్నారు. నా ఫిర్యాదు మొత్తం ఈ ఒక్క జవాబు మీదే నిలబడి ఉంది.

ఇంట్లో ఆ సాయంత్రం పక్కింటి అక్కయ్య పాడుతున్నారు. రెండో చరణం మధ్యలో పియానో ఆగిపోయింది. మెట్లు నొక్కుతుంటే తెర మీద మిడి గుర్తులు (ఏ మెట్టు నొక్కామో కంప్యూటర్‌కు చెప్పే సంకేతాలు) పడుతూనే ఉన్నాయి, శబ్దం మాత్రం లేదు. కంప్యూటర్ మొరాయించిందనుకుని అంతా మూసి మళ్లీ తెరిచాం. కాసేపు పలికింది, మళ్లీ అదే వరస.

కారణం ఇది. ఇలాంటి పియానోలు చాలావరకు ఒంటరిగా పనిచేయవు. అవి కేవలం రికార్డు చేసిన స్వరాల మూట. ఆ మూట విప్పి వాయించడానికి శాంప్లర్ అనే మరో సాఫ్ట్‌వేర్ కావాలి. ఎక్కువగా వాడేది నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి కాంటాక్ట్. అందులో రెండు రకాలున్నాయి. డబ్బు పెట్టి కొనేది పూర్తి కాంటాక్ట్, ఉచితంగా దొరికేది కాంటాక్ట్ ప్లేయర్. పియానో తయారు చేసినవారు ప్లేయర్ కోసం ప్రత్యేకంగా అనుమతి తీసుకుని ఉంటే అది ఉచిత ప్లేయర్‌లో హాయిగా నడుస్తుంది. తీసుకోకపోతే ప్లేయర్‌లో 15 నిమిషాలు మాత్రమే పలికి ఆగిపోతుంది. ఇది లోపం కాదు, దాచిన సంగతీ కాదు. నిజాయితీగల తయారీదారులు ‘దీనికి పూర్తి కాంటాక్ట్ కావాలి’ అని తమ పేజీలోనే రాస్తారు. దుకాణంలోని కంప్యూటర్లో పూర్తి కాంటాక్ట్ ఉంది కాబట్టి అక్కడ రోజంతా వాయించినా ఆగదు. నా కంప్యూటర్లో ఉచిత ప్లేయర్ వేసి పంపారు. తేడా వారికి తెలియదనుకోవడానికి వీల్లేదు, రెండూ ఎక్కించింది వారి కుర్రవాడే.

ఫోను చేస్తే వచ్చిన జవాబు: ‘ఆగితే మూసి మళ్లీ తెరవండి సార్, ఎంతసేపు పడుతుంది?’ పాట మధ్యలో ఎలా తెరుస్తామని అడిగితే, ‘పాటలు అయిదు నిమిషాలే కదా’ అన్నారు. ఈ తర్కం విన్నాక నాకు కోపం కన్నా ముందు నవ్వొచ్చింది.

డబ్బు వాపసు అడిగినప్పుడు అసలు విషయం బయటపడింది. బిల్లు తీసి చూడమన్నారు. చూశాను. ‘ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ – 1. ఇన్‌స్టలేషన్ చార్జీ – 1.’ అంతే. పియానో ఊసే లేదు. సాఫ్ట్‌వేర్ పేరు లేదు, తయారీదారు పేరు లేదు, లైసెన్సు ఎవరి పేరు మీద ఉందో లేదు, సీరియల్ నంబరు లేదు. ‘హార్డ్ డిస్కు పనిచేస్తోందా సార్? పనిచేస్తోంది కదా!’ అంటారు. కాగితం మీద నాకు అమ్మింది డబ్బా, కూలి. పియానో ఉచితంగా పెట్టిన కరివేపాకు అన్నమాట.

మీరు తప్పకుండా గుర్తుంచుకోవలసింది ఇదే. డబ్బు ఇచ్చే ముందే బిల్లులో సాఫ్ట్‌వేర్ పూర్తి పేరు, వెర్షన్, లైసెన్సు మీ ఈమెయిలు మీద నమోదవుతుందన్న మాట రాయించండి. రాయనంటే బయటికి వచ్చేయండి. డబ్బు పెట్టి కొనే అసలు సాఫ్ట్‌వేర్ చాలావరకు తయారీదారు దగ్గర మీ పేరు మీద ఖాతా గానీ, కనీసం మీ ఈమెయిలు గానీ అడుగుతుంది. కొన్నింటికి ఐలాక్ అనే లైసెన్సుల సేవలో ఖాతా కావాలి. ఐవరీ పియానోలు చేసే సింథజీ, వియన్నా సింఫనిక్ లైబ్రరీ వంటివి ఈ పద్ధతి వాడుతున్నాయి. డబ్బు తీసుకుని, ఖాతా లేకుండా, ఈమెయిలు అడగకుండా పియానో మీదైపోయిందంటే అది మీది కాదనే అనుమానించండి.

నేను గట్టిగా పట్టుబడితే దుకాణదారు మరో పరిష్కారం చూపించారు. ‘కుర్రవాణ్ని పంపిస్తాను, పూర్తి కాంటాక్ట్ వేసేస్తాడు. ఆంటీవైరస్ మాత్రం కాసేపు ఆపి ఉంచండి.’ దీనికి ఎవరూ ఒప్పుకోకండి. ఆంటీవైరస్ ఆపమన్నారంటే వేయబోయేది తాళం పగలగొట్టిన కాపీ. దాని వెంట ఇంకేం లోపలికి వస్తుందో వేసేవాడికీ తెలియదు. మీ బ్యాంకు పనులూ, పిల్లల ఫొటోలూ ఉన్నది అదే కంప్యూటర్లో. చట్టం సంగతి కూడా చిన్నది కాదు. 1957 నాటి కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ప్రకారం దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్ ప్రోగ్రాము వాడితే వాడినవారికే 7 రోజుల నుంచి 3 సంవత్సరాల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. అమ్మినవారితో పాటు మనమూ ఇరుక్కుంటాం.

ఇక పియానో నాణ్యత. లైసెన్సు సరిగ్గా ఉన్నా నేను దాన్ని ఉంచుకునేవాణ్ని కాదు. దుకాణంలో వాయించి చూపించేది ఎప్పుడూ గట్టి వాయిద్యమే. గట్టిగా కొడితే సాధారణమైన పియానో కూడా గొప్పగానే ఉంటుంది. మన పాటల వెనక వాయించేది అందులో పదో వంతు బలంతో. అక్కడే అసలు రంగు తెలుస్తుంది. మిడిలో ఒక మెట్టును ఎంత బలంగా నొక్కామో 1 నుంచి 127 వరకు అంకెల్లో నమోదవుతుంది. మంచి పియానోలో ఒక్కో స్వరాన్ని మెత్తదనం నుంచి గట్టిదనం దాకా ఎన్నో స్థాయిల బలంతో విడివిడిగా రికార్డు చేసి ఉంటారు. నాకు అంటగట్టిన దానిలో మెత్తగా నొక్కినా అదే గట్టి రికార్డింగు, ధ్వని మాత్రం తగ్గించి వినిపిస్తోంది. మెత్తని స్వరానికి ఉండే గుండ్రదనం రాలేదు, దూరంగా ఎవరో గట్టిగా కొడుతున్నట్టే ఉంది.

కొనే ముందు మీరే కూర్చుని వాయించండి, కుర్రవాణ్ని వాయించనివ్వకండి. ముందుగా రివర్బ్ పూర్తిగా ఆపించండి. లోపాలన్నీ దాక్కునేది దాని కిందే. తర్వాత నడిమి భాగంలో మెట్లను నల్లవాటితో సహా వరసగా, చాలా మెత్తగా ఒక్కొక్కటే నొక్కుతూ వెళ్లండి. ఎక్కడో ఒకచోట గొంతు మారినట్టు అనిపిస్తే అక్కడ ఒక రికార్డింగునే సాగదీసి పక్క మెట్లకు వాడారన్నమాట. కొంత సాగదీయడం అందరూ చేస్తారు, చెవికి తెలియకూడదు. ఒకే మెట్టును ఒకే బలంతో గబగబా కొట్టి చూడండి. అచ్చు గుద్దినట్టు ఒకేలా పలికితే పాటలో అది యంత్రంలా వినిపిస్తుంది. ఒక కింది స్వరాన్ని నొక్కి పెడల్ తొక్కిపట్టి, పూర్తిగా ఆరిపోయేదాకా ఓపికగా వినండి. నాదానిలో ఆ స్వరం తోక మధ్యలో కత్తిరించినట్టు తెగిపోయింది.

ఇంకొక పరీక్ష నాకు బాగా ఇష్టం. ఎడమ చేత్తో కింది స్థాయి షడ్జాన్ని శబ్దం రాకుండా నెమ్మదిగా నొక్కి పట్టుకోండి. కుడి చేత్తో దాని పై స్థాయి షడ్జాన్ని టక్కున కొట్టి వదిలేయండి. నిజమైన పియానోలో కింది తీగ కొట్టకుండానే కంపించి పై స్వరాన్ని సన్నగా పలుకుతూ ఉంటుంది. ఆ అనునాదం సాఫ్ట్‌వేర్‌లో ఉందో లేదో క్షణంలో తెలిసిపోతుంది. దుకాణంలో ఈ పరీక్ష చేయబోతే ‘ఏం చేస్తున్నారు సార్’ అని అనుమానంగా చూస్తారు, చూడనివ్వండి. పెడల్ సగం తొక్కితే సగం ఆరుతుందో, లేక ఉంటే మొత్తం లేకపోతే శూన్యమో కూడా చూడండి. దీనికి మీ పెడల్ కూడా సగం తొక్కుడును గుర్తించే రకమై ఉండాలి.

హార్డ్ డిస్కు గురించి ఒక మాట. శాంపిల్ పియానోలు, అంటే ఇలా రికార్డు చేసిన స్వరాల మూటలు, భారీగా ఉంటాయి. అబ్బే రోడ్ స్టూడియోలో యమహా పియానోను రికార్డు చేసి తయారుచేసిన గారిటన్ సీఎఫ్ఎక్స్ పూర్తి రూపం 120 జీబీ దాటుతుంది. పెడల్ తొక్కి వరసగా వాయిస్తే డజన్ల కొద్దీ స్వరాలు ఒకేసారి డిస్కు నుంచి రావాలి. తిరిగే డిస్కులో చదివే ముల్లు అన్ని చోట్లకూ గెంతలేదు, స్వరాలు తెగుతాయి, టపటపమని చప్పుళ్లు వస్తాయి. తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ అయితే ఈ బాధ లేదు. మా దగ్గర చప్పుళ్లు పోగొట్టడానికి కుర్రవాడు బఫర్‌ను (శబ్దాన్ని వినిపించే ముందు కాస్త పోగుచేసే నిల్వ) 1024 నమూనాలకు పెట్టి వెళ్లాడు. 44,100 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 44,100 నమూనాల లెక్కన, అది దాదాపు 23 మిల్లీసెకన్ల ఆలస్యం. వేలు పడ్డాక స్వరం వెనకాల వస్తుంది, లయ నిలవదు. 256 అయితే 6 మిల్లీసెకన్ల లోపే, ఆ మాత్రం వేళ్లు సర్దుకుంటాయి.

మరి ఏం తీసుకోవాలి? ముందు పైసా ఖర్చు లేకుండా సాలమాండర్ గ్రాండ్ పియానో దించుకోండి. యమహా సీ5 పియానోను మూడేసి మెట్లకు ఒక స్వరం చొప్పున, ఒక్కో స్వరాన్ని 16 స్థాయిల బలంతో రికార్డు చేసి ఉచితంగా పెట్టారు. నాకు అంటగట్టిన సరుకు కన్నా ఇది మెత్తగా నొక్కినప్పుడు ఎన్నో రెట్లు నయం. డబ్బు పెట్టగలిగితే ఫ్రాన్సులోని మోదార్ట్ సంస్థ చేసే పియానోటెక్ చూడండి. ఇది రికార్డింగుల మూట కాదు. తీగ, సుత్తి, చెక్క ఎలా కంపిస్తాయో అప్పటికప్పుడు లెక్కగట్టి శబ్దం పుట్టిస్తుంది. అందుకే పదుల ఎంబీల్లోనే ఇమిడిపోతుంది, పాత కంప్యూటర్లో కూడా నడుస్తుంది. ఉచితంగా పరీక్షించే రూపంలో కొన్ని మెట్లు పలకవు, 20 నిమిషాలకు ఆగిపోతుంది. కానీ ఆ సంగతి వాళ్లే ముందుగా చెబుతారు. కొందరికి దాని ధ్వని మరీ శుభ్రంగా అనిపిస్తుంది. నాకు గొంతు వెనక అదే నచ్చింది. మెత్తని ఒంటరి పియానోకు మాత్రం మంచి శాంపిల్ లైబ్రరీలదే పైచేయి అంటాను.

ఏది కొన్నా తయారీదారు దగ్గరే కొనండి. ధర సాధారణంగా డాలర్లలోనో యూరోల్లోనో ఉంటుంది. విదేశీ సంస్థ బిల్లు మీద 18 శాతం జీఎస్టీ, పైన కార్డు మీద విదేశీ మారకపు రుసుము పడవచ్చు, అది ముందే లెక్క వేసుకోండి. తొందర లేకపోతే నవంబరు చివరిదాకా ఆగండి, చాలామంది అప్పుడు ధర తగ్గిస్తారు. సీరియల్ నంబరు చూపించాక సాధారణంగా డబ్బు వాపసు ఇవ్వరు కాబట్టి పరీక్షా రూపం లేనిదాని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

మా దుకాణదారు చివరికి డబ్బుకు బదులుగా కీబోర్డు స్టాండు తీసుకోమన్నారు. వద్దని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 5 లక్షల రూపాయల లోపు కొనుగోళ్లకు అక్కడ రుసుము లేదు, మనం ఉండే ఊళ్లోనే వేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మిన సరుకుకు బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న సరుకును వెనక్కి తీసుకోనని మొండికేయడం రెండూ అక్రమ వ్యాపార పద్ధతులే. నోటిమాటగా చెప్పినదానికి సాక్ష్యంగా ఆయన పంపిన వాట్సాప్ సందేశం ఒకటి నా దగ్గర ఉంది: ‘గ్రాండ్ పియానో రెడీ సార్, వచ్చి తీసుకెళ్లండి.’ బిల్లులో లేని పియానో అందులో ఉంది.

మీ దగ్గర కూడా డబ్బా, కూలి మాత్రమే రాసిన బిల్లు ఉంటే పారేయకండి. సందేశాలు, యూపీఐ చెల్లింపు చిత్రం, శబ్దం ఆగిపోయినప్పటి తెర వీడియో అన్నీ ఒకచోట దాచండి. సమస్య తలెత్తిన రోజు నుంచి రెండేళ్ల లోపు కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు.