40 గ్రెయిన్ల బుల్లెట్, కయోటీ తోలు: నాలుగు చలికాలాల తర్వాత

బొచ్చు తోలు కోసం కయోటీని (ఉత్తర అమెరికాలో తిరిగే నక్కలాంటి జంతువు) కొడితే అవతలి వైపు చిల్లు పడదు. నాలుగు చలికాలాలు వాడాక కూడా ఈ బుల్లెట్ మీద ఇష్టం తగ్గకపోవడానికి కారణం ఇదే. వాడింది .223 రెమింగ్టన్ అనే రైఫిల్ తూటాలో, ప్లాస్టిక్ మొన ఉన్న 40 గ్రెయిన్ల వార్మింట్ బుల్లెట్, అంటే చిన్న జంతువుల కోసం చేసింది. చోటు అమెరికాలోని పశ్చిమ కాన్సాస్ గోధుమ చేలు. కాలం డిసెంబరు, జనవరి, బొచ్చు ఒత్తుగా ఉండే రోజులు. కయోటీ అడ్డంగా నిలబడి ఉండగా ముంగాలి వెనక, పక్కటెముకల మీద తగిలితే పెన్సిల్ మందం చిల్లు ఒక్కటే పడుతుంది. పైన బొచ్చు దాన్ని కప్పేస్తుంది. తోలు ఒలిచి లోపలి వైపు తిరగేస్తే గానీ దెబ్బ ఎక్కడ తగిలిందో కనపడదు.

40 గ్రెయిన్లంటే 2.6 గ్రాములే. రాగి తొడుగు పల్చన, లోపల మెత్తని సీసం. పక్కటెముకల మీద కండ తక్కువ కాబట్టి బుల్లెట్ అక్కడ పూర్తిగా విచ్చుకోదు. ఊపిరితిత్తుల్లోకి చేరాక పొడిపొడి అవుతుంది. అవతలి పక్కటెముకల దాకా వెళ్ళేసరికి తోలును చీల్చేంత ముక్క ఏదీ మిగలదు. అదే ఇంకా బలమైన .22-250 తూటాలో 55 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు 3,600 అడుగులకు పైగా వేగంతో వెళ్తుంది. వంద గజాల లోపల అవతలి వైపు పిడికిలి దూరేంత బొక్క చేస్తుంది. ఆ తోలును కుట్టి నిలబెట్టడం చాలా కష్టం.

ఇంత మెచ్చుకున్నాక దీని బలహీనత కూడా చెప్పాలి. అది దగ్గరి దూరంలో, భుజం దగ్గర బయటపడుతుంది. ఎర జంతువు అరుపును అనుకరించే పిలుపుకి పరుగెత్తుకొచ్చిన కయోటీ నలభై గజాల్లో నిలబడింది. గురి ముంగాలి వెనకే. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో అది ఒక అడుగు వెనక్కి వేసింది, బుల్లెట్ మూడంగుళాలు ముందుకు పడి భుజం ఎముకకు తగిలింది. ఆ దూరంలో వేగం ఇంకా 3,400 అడుగుల దగ్గరే ఉంటుంది. ఎముక అడ్డం రాగానే బుల్లెట్ అక్కడికక్కడే పేలిపోయింది. తోలు మీద సాసరంత గుంట పడింది, చుట్టూ బొచ్చు ఊడిపోయింది. కయోటీ మూడు కాళ్ళతో పరుగు తీసింది, రెండో తూటాతో గానీ పడలేదు. ఒలిచి చూస్తే సీసం ముక్కలన్నీ పైపై కండలోనే ఉన్నాయి, ఒక్కటీ ఛాతీ లోపలి దాకా పోలేదు. తోలు కింద రెండు చేతుల వెడల్పున నెత్తురు గడ్డకట్టి జెల్లీలా ఉంది. తోలు పాడయింది, అంతకంటే బాధ ఆ జంతువు పడిన యాతన.

తప్పు ఆ తూటాల కంపెనీది కాదు. ప్రెయిరీ డాగ్ లాంటి చిన్న జంతువు కోసం చేసిన బుల్లెట్‌ను పన్నెండు, పదిహేను కిలోల జంతువు భుజం ఎముక మీద వేస్తే జరిగేది ఇదే. ఏ కంపెనీదైనా ఈ తరహావి ఇలాగే పేలతాయి. అందుకే దీనితో భుజం జోలికి పోకూడదు. ఎదురుగా నిలబడితే మెడ మొదట్లో, రెండు భుజాల నడుమ పల్లంలో వేయాలి. అక్కడ బుల్లెట్ ఛాతీ పొడవునా పోతుంది, చిల్లు తోలు అంచుకు దగ్గరగా పడుతుంది. ఏటవాలుగా నిలబడి భుజం అడ్డం వస్తే తిరిగేదాకా ఆగడమే.

రెండో సంగతి గాలి. 20 అంగుళాల బ్యారెల్ నుంచి ఈ బుల్లెట్ వేగం 3,600 అడుగుల చుట్టూ ఉంటుంది. తూటాల పెట్టె మీద వేసే అంకె తరచూ 24 అంగుళాల బ్యారెల్‌ది. గంటకు పది మైళ్ళ అడ్డగాలి దీన్ని 200 గజాలకు దాదాపు ఐదు అంగుళాలు, 300 గజాలకు పదకొండు, పన్నెండు అంగుళాలు పక్కకు నెడుతుంది. కాన్సాస్‌లో ఇరవై మైళ్ళ గాలి మామూలే. అరచేయంత ప్రాణస్థానానికి గురిపెట్టినప్పుడు అడుగు తేడా అంటే పొట్టలో తగిలినట్టే. పొట్ట చీలిన తోలుకు చిల్లుతో పాటు కంపు కూడా అంటుకుంటుంది. మొదట్లో దీన్ని ఏ దూరానికైనా సరిపోతుందనుకున్నాను. ఇప్పుడు 200 గజాల లోపు మాత్రమే అంటాను, గాలి లేవగానే 150.

అంతకు మించిన దూరానికి 53 గ్రెయిన్లది మేలు. గాలికి అంత కొట్టుకుపోదు, అదే పది మైళ్ళ గాలిలో 300 గజాలకు తొమ్మిది అంగుళాల లోపే. దూరంలో వేగం తగ్గుతుంది కాబట్టి చాలాసార్లు ఒంట్లోనే ఆగుతుంది. దగ్గర్లో మాత్రం అవతలికి దూసుకుపోయి కోడిగుడ్డంత చిల్లు చేయొచ్చు.

ఫుల్ మెటల్ జాకెట్, అంటే మొన దాకా లోహపు తొడుగు ఉన్న బుల్లెట్ వాడితే సన్న చిల్లులే పడతాయని చాలామంది చెప్తారు. నేను ఒప్పుకోను. అది విచ్చుకోదు కాబట్టి గాయపడ్డ కయోటీ అర మైలు పోయి ఏ వాగు పొదల్లోనో చస్తుంది, తోలు కూడా దక్కదు. ఎముకకు తగిలి పల్టీ కొడితే బయటికెళ్ళే బొక్క పెద్దదే అవుతుంది. గడ్డకట్టిన నేల మీద ఎగిరిపడే ప్రమాదం వేరే.

బ్యారెల్ ట్విస్ట్, అంటే లోపలి మెలి గాడులు బుల్లెట్‌ను ఎంత వేగంగా తిప్పుతాయో, అది కూడా చూసుకోవాలి. 1:12 అంటే 12 అంగుళాలకు ఒక చుట్టు. 3,600 అడుగుల వేగంలో 1:12 ట్విస్ట్ బుల్లెట్‌ను నిమిషానికి 2,16,000 సార్లు తిప్పుతుంది, 1:7 అయితే 3,70,000 సార్లు. మరీ పల్చని తొడుగువి ఆ తిప్పుడుకు గాల్లోనే విడిపోవచ్చు. కొన్నింటికి 3,500 అడుగులు దాటొద్దని తయారీదారులే చెప్తారు. 1:9లో నాకు ఇబ్బంది రాలేదు.

చిల్లు ఎంత చిన్నదైనా తోలును చట్రానికి ఎక్కించకముందే కుట్టాలి, లేకపోతే సాగదీసినప్పుడు రెండింతలవుతుంది. గుండ్రని చిల్లును వెన్ను దిశలో బాదంగింజ ఆకారానికి కత్తిరించి, లోపలి వైపు నుంచి మూడు పలకల తోలు సూదితో, మైనం పట్టించిన దారంతో దగ్గర దగ్గరగా కుడితే ముడతలు పడవు. బొచ్చుకంటిన నెత్తురును అంతకుముందే చన్నీళ్ళతో కడగాలి. వేణ్ణీళ్ళు పోస్తే మరక పట్టేస్తుంది.

ఇంత తిప్పలు ఎందుకంటే, కోటు టోపీల అంచుకు కయోటీ బొచ్చు వాడిన కెనడా గూస్ అనే కోట్ల కంపెనీ 2021లో బొచ్చు కొనడం ఆపేస్తామని ప్రకటించింది. అంత పెద్ద కొనుగోలుదారు తప్పుకున్నాక కుట్లు పడ్డ తోలును అడిగేవాళ్ళు తక్కువ. ఇంకొక మాట, హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళు రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు లాంటి మినహాయింపు లేకుండా తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకు సీసం తూటాలు పనికిరావు, కాబట్టి ఈ బుల్లెట్ అక్కడ కుదరదు.

నా వేట పొదల చాటున, 150 గజాల లోపు. అందుకే 40 గ్రెయిన్లే నాకు సరి. మీది బయలు నేల అయితే 53తో మొదలుపెట్టండి. రెండూ వెంట ఉంచుకునేవాళ్ళు మాత్రం ఒకే జీరోను, అంటే ఒక దూరానికి సరిచేసిన ఒకే గురి సర్దుబాటును, నమ్మొద్దు. 100 గజాల్లో కాగితం మీద రెండింటినీ మూడేసి చొప్పున కాల్చి, తేడా స్కోపు మీద ఎన్ని క్లిక్కులో రాసి తుపాకీ మడమకు అంటించుకోండి.